పూచీకత్తుపై సరుకు విడుదల – పెన్షనరు జాగ్రత్తలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కస్టమ్స్ వ్యవహారాలతో మనకేమి పని అని కొందరికి అనిపించవచ్చు. కోనసీమలోను, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లోను గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు లేని ఊరు అరుదు. కాకినాడ రేవు చూస్తే మన వాకిట్లోనే ఉంది. బంగారమో సరుకో పట్టుబడినప్పుడు పూచీకత్తు కోసం ముందుగా గుర్తుకు వచ్చేది రిటైరైన నాన్నగారు, మామయ్యగారు, వారి ఫిక్సెడ్ డిపాజిట్టు. అందుచేత నాలుగు మాటలు మనవి చేస్తాను.

స్వాధీనం వేరు, జప్తు వేరు. సరుకు జప్తుకు తగినదని నమ్మడానికి కారణముంటే 1962 నాటి కస్టమ్స్ చట్టం 110వ సెక్షను కింద అధికారి దానిని స్వాధీనపరచుకుంటారు. విచారణ జరిగి, ఉత్తర్వు వెలువడితేనే అది జప్తు. స్వాధీనం చేసిన ఆరు నెలల్లోగా నోటీసు ఇవ్వాలి. కారణాలు రాసి, తెలియజేసి, గడువును మరో ఆరు నెలలకు మించకుండా పొడిగించవచ్చు. అప్పటికీ నోటీసు రాకపోతే సరుకు తిరిగి ఇవ్వవలసిందే.

ఈలోగా సరుకు పాడవుతుంది, గోదాము అద్దె పెరుగుతుంది. అందుకే 2006లో 110ఎ సెక్షను చేర్చారు. తుది ఉత్తర్వు వచ్చేలోగా బాండు, తగిన సెక్యూరిటీ తీసుకొని, షరతులతో సరుకును యజమానికి విడుదల చేయవచ్చు. 2017 నాటి బోర్డు సర్క్యులరు ప్రకారం బాండు సరుకు పూర్తి విలువకు ఉండాలి. రావలసిన సుంకం, పడగల జరిమానా, పెనాల్టీలకు బ్యాంకు గ్యారంటీ గాని నగదు డిపాజిట్టు గాని చూపాలి.

ఇక్కడొక మెలిక ఉన్నది. తాత్కాలిక విడుదల ఉత్తర్వు ఇచ్చిన చోట ఆ ఆరు నెలల గడువు వర్తించదని 2018లో సవరణ చేశారు. సరుకు ఇంటికి వచ్చినా కేసు, బాండు అలాగే ఉంటాయి.

మన జిల్లా అనుభవమే చూడండి. 2024లో కాకినాడ గోదాముల్లో పట్టుబడిన రేషను బియ్యంలో కొంత బ్యాంకు గ్యారంటీలపై విడుదలైంది. అది కస్టమ్స్ కేసు కాదు, నిత్యావసర వస్తువుల చట్టం కిందిది. సూత్రం మాత్రం ఒకటే. అదే ఏడాది నవంబరులో స్టెల్లా ఎల్ అనే ఓడలో మళ్ళీ రేషను బియ్యం బయటపడింది. సుమారు 1,320 టన్నులు దించిన తరువాత 2025 జనవరిలో గాని ఓడ కదలలేదు. గ్యారంటీ డబ్బుకు భరోసా ఇస్తుంది గాని, సరుకు దారి తప్పకుండా కాపలా కాయలేదు.

ఇక మన విషయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే జామీనుదారుడి బాధ్యత అసలు బాకీదారుడి బాధ్యతతో సమానం. మొదట వాడినడగండి, తరువాత నా దగ్గరకు రండి అనడానికి వీలుండదు. 1871 నాటి పెన్షన్ల చట్టం ప్రభుత్వ పెన్షనును అటాచ్‌మెంటు నుంచి కాపాడుతుంది. బ్యాంకు గ్యారంటీకి తాకట్టు పెట్టిన డిపాజిట్టుకు ఆ రక్షణ లేదు.

కాబట్టి ఎవరైనా కాగితం పట్టుకొని వస్తే ముందు పంచనామా ప్రతి అడగండి. స్వాధీనమైన తేదీ రాసుకోండి. విడుదల కోసం రాతపూర్వకంగానే దరఖాస్తు పెట్టించండి. బాండులోని మొత్తం, షరతులు పూర్తిగా చదవండి. నోటీసు అక్కరలేదని ముందే అచ్చువేసిన ఫారాలపై సంతకం పెట్టించుకుంటే చెల్లదని 2025లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయినా చదవకుండా సంతకం చేయవద్దని పిల్లలకు చెప్పండి. కమిషనరు కన్నా కింది అధికారి ఉత్తర్వుపై కమిషనరు (అప్పీల్సు)కు వెళ్ళడానికి గడువు 60 రోజులు.

విదేశం నుంచి వచ్చేవారు సామాను ఉన్నదున్నట్టు చెప్పి, సుంకం కట్టడం ఇష్టం లేకపోతే 80వ సెక్షను కింద దానిని అక్కడే ఉంచమని కోరవచ్చు. తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకుపోవచ్చు. దాచి పట్టుబడితే ఆ సౌకర్యం ఉండదు.

బిడ్డలకు సాయం చేయవద్దని నేననడం లేదు. ఎంత మొత్తం పోయినా మన ఇంట్లో పొయ్యి వెలుగుతుందో లెక్క వేసుకొని, ఆవిడతో ఒక మాట చెప్పి, అప్పుడు కలం తీయండి.