పాత గొలుసు రంపము: అలంకారమా, పనిముట్టా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగలో రంపముల ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని పాత వస్తువును దాచవలెనా, వాడవలెనా అను ప్రశ్న పుస్తకమునకును పనిముట్టునకును ఒక్కటియే.

తెలుగు పల్లెలలో కట్టెలు కొట్టుటకు గొడ్డలియు, దుంగలు కోయుటకు ఇద్దరు చెరియొకవైపు పట్టి లాగెడు రంపమును తరతరములుగా వాడుకలో నున్నవి. ఇంజనుతో నడచు గొలుసు రంపము ఇచ్చటికి ఆలస్యముగా వచ్చినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు, కూలిన చెట్లను ఆ రంపములతో కోసి త్రోవలు తీసిరి. చలిదేశములలో మాత్రము అది చాలకాలముగా ఇంటి పనిముట్టు. అమెరికా ఉత్తర భాగములోను, కెనడాలోను, స్వీడనులోను పల్లెవాసులనేకులు నేటికిని శీతకాలమున కట్టెల పొయ్యి వేడిమితో ఇల్లు కాచుకొందురు. అచ్చట కట్టెల కుప్ప ధాన్యపు గాదె వంటిది. మంచు కురియుటకు ముందే అది నిండవలెను.

ఈ రంపము పుట్టుక విచిత్రమైనది. 1830 ప్రాంతమున బెర్నార్డ్ హైనె అను జర్మను వైద్యుడు ఎముకలు కోయుటకు, చేతితో త్రిప్పెడు గొలుసు పరికరము నొకదానిని నిర్మించెను. అడవి పనికి పనికివచ్చు రంపములు 1920ల చివర జర్మనీలో వెలువడెను. 1926లో ఆంద్రియాస్ స్టీల్ విద్యుచ్ఛక్తితో నడచు రంపమును చేసెను. 1927లో ఎమిల్ లెర్ప్ డోల్మార్ అను కొండపై పెట్రోలు రంపమును పరీక్షించి, దానికి ఆ కొండ పేరే పెట్టెను. అవి ఒక్కని చేతికి లొంగునవి కావు. ఇద్దరు బలవంతులు మోయవలసిన బరువు.

తరువాతి మార్పు ఒక పురుగు చలువ. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను అడవి పనివాడు, ఒక మొద్దులో కొయ్యపురుగు పిల్ల దవడలను కుడియెడమలకు కదల్చుచు కఱ్ఱను నిలువునను అడ్డమునను తొలుచుట చూచెను. అంతవరకు గొలుసు పండ్లు కఱ్ఱను గీఱెడివి. ఆయన ఆ దవడల పోలికతో కుడియెడమలకు వంగిన పండ్లు గల గొలుసును 1947లో తయారుచేసెను. నేటి గొలుసులు దాని సంతతియే. 1949లో మెకలక్ కంపెనీ 25 పౌనుల తూకము గల రంపమును విపణికి తెచ్చెను. 1959లో స్టీల్ కంపెనీ వారి కాంట్రా రంపము 12 కిలోల బరువులో 6 అశ్వశక్తులను చూపెను. ఒక్క మనిషి, ఒక్క రంపము అను కాలము అట్లు వచ్చినది.

ఆ కాలపు రంపములే నేడు సేకరణ వస్తువులైనవి. తండ్రి పోయిన పిమ్మట కొట్టములో దుమ్ముపట్టియున్న రంపము కొడుకునకు దొరకును. కొందరు దానిని తుడిచి, రంగు మెఱయించి, బల్లపై నిలుపుదురు. మరికొందరు దానికి ప్రాణము పోసి, ఆ చలికాలపు కట్టెలను దానితోనే కోయుదురు. ఈ ఇరువురి నడుమ వాదము తెగునది కాదు.

ప్రాణము పోయుట సులభము కాదు. తెలిసినవారు మొదట యంత్రమును నడుపరు, పరీక్షింతురు. త్రాడు లాగినప్పుడు చేతికి ఎదురు తగలవలెను. తగులకున్నచో లోపల అరుగుదల యున్నదన్నమాట. పొగ వెడలు పెట్టెను విప్పి చూచినచో పిస్టను ప్రక్కన గీతలున్నవో లేవో తెలియును. పాత పెట్రోలు ఎండి జిగురై కార్బురేటరును మూసియుండును. అందలి పలుచని పొర గట్టిపడి యుండును. నిప్పురవ్వ పుట్టించు పాయింట్లపై చిలుము పట్టియుండును. వీనిని శుభ్రపరచి, చెడిన గొట్టములను మార్చవలెను. అమెరికాలో నేడమ్మెడు పెట్రోలులో సాధారణముగా 10 శాతము వరకు ఎథనాలు కలిసియుండును. అది తేమను పీల్చును, పాత రబ్బరును పాడుచేయును. అందుచేత జాగ్రత్త గలవారు ఎథనాలు లేని పెట్రోలునే వెదకి తెత్తురు.

నూనె లెక్కయు మారినది. కొన్ని పాత రంపములపై 16 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె యని వ్రాసియుండును. నేటి నూనెలు మేలైనవగుటచే కొత్త రంపములకు 50 పాళ్లకు 1 పాలు చాలును. పాతవానికి పలువురు 32 పాళ్లకు 1 పాలు కలిపి మధ్యేమార్గము పట్టుదురు. అనేక పాత రంపములలో గొలుసునకు నూనె తనంత తాను రాదు. కోయుచున్నంతసేపును బొటనవ్రేలితో మీట నొక్కుచుండవలెను. మరచినచో గొలుసు కాలును. గొలుసు పదును చూచుటకు వేరే సాధనమక్కరలేదు. పదునున్నది పలుకులు రాల్చును, మొద్దుబారినది పొడి రాల్చును. పొడి కనబడగానే రంపమును నిలిపి ఆకురాయి పట్టవలెను.

ఇంత శ్రమపడినను లాభమేమి? నేడు 5 కిలోల కొత్త రంపము, 11 కిలోల పాత రంపము చేయు పనిని తక్కువ అలసటతో చేయును. ఆర్థిక దృష్టితో పాత రంపము పక్షమున వాదించుట కష్టము. అంతకంటె గట్టి ఆక్షేపణ మరియొకటి కలదు. గొలుసు పట్టె కొన పైభాగము కఱ్ఱకు తగిలినచో రంపము రెప్పపాటులో మనిషి ముఖము మీదికి ఎగురును. అట్టి వేళ గొలుసును ఆపెడు బ్రేకు 1970ల తొలి సంవత్సరములలో గాని వాడుకలోనికి రాలేదు. అంతకు పూర్వపు రంపములలో ప్రాణరక్షణ మంతయు వాడువాని చేతి నేర్పే. ఆ యంత్రముల అదురునకు ఏండ్ల తరబడి లోనైన అడవి పనివాండ్ర వేళ్లు తెల్లబడి, స్పర్శ కోల్పోయెడివి. వాని రొద చెవికిని చేటు. పాతకాలమును ప్రేమించువారు పాతకాలపు గాయములను మరువరాదు.

కాబట్టి వివేకవంతులైన సేకర్తలు కొన్ని కట్టుబాట్లు పెట్టుకొందురు. నిలిచిన చెట్టును పాత రంపముతో కూల్చరు. నేలపై స్థిరముగా నున్న దుంగలను పొయ్యికి సరిపడు ముక్కలుగా కోయుటకు మాత్రమే దానిని వాడుదురు. పట్టె కొనను కఱ్ఱకు తగులనీయరు. చెవులకు మూతలు, కన్నులకు అద్దములు, కాళ్లకు గొలుసును పట్టి ఆపెడు దట్టపు తొడుగులు లేనిదే త్రాడు లాగరు. ఒక గంట కోసి యంత్రమునకును చేతులకును విశ్రాంతి నిత్తురు. విడిభాగములు దొరకని అరుదైన రంపమును పనిలో పెట్టరు. విరివిగా అమ్ముడైన రకములలో చెడిన దానిని విప్పి, ఆ భాగములతో మరియొకదానిని నడుపుదురు. కోసిన కట్టెను చీల్చి, గాలి తగులునట్లు పేర్చి, నెలల కొలది ఆరనిత్తురు. తేమ 20 శాతమునకు దిగిన కట్టె శుభ్రముగా మండును. పచ్చికట్టె పొగ సంగతి ఏ తెలుగింటి ఇల్లాలికిని చెప్పనక్కరలేదు.

ఇట్లు వాడినందువలన దక్కునది కట్టెలు మాత్రమే కాదు. పాయింట్లు శుభ్రపరచుట, చప్పుడు విని కార్బురేటరు సరిచేయుట, గొలుసునకు పదును పెట్టుట చేతులలో నిలుచు విద్యలు. బల్లపై నున్న రంపము వానిని నేర్పజాలదు. తండ్రి రంపము నడచునంతకాలము తండ్రి నేర్పును నడచును. అది ఆగిననాడు ఇనుము మిగులును, విద్య పోవును.

గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో మొదటిది, పుస్తకమున్నది ఉపయోగము కొరకే యని చెప్పును. ఒకనాడు ఐరోపాలో పుస్తకములను గొలుసులతో అరలకు బంధించెడివారు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ క్రైస్తవ దేవాలయమున అట్టి గ్రంథాలయమును నేటికిని చూడవచ్చును. ఆ బంధనము పుస్తకములను కాపాడినది, కాని వానిని ఇల్లు చేరనీయలేదు. గ్రామ గ్రంథాలయము చేయు పని దీనికి భిన్నము. శిథిలమైన తాళపత్రమును భద్రపరచును. చదువదగిన పుస్తకమును ఇంటింటికి పంపును. చిరిగిన దానికి అట్ట కట్టి మరల పంపును. ఏది దాచవలెనో, ఏది వాడవలెనో తెలియుటయే సేకరణ ధర్మము.

ఇరువదియైదు సంవత్సరములలో ఈ గ్రంథాలయమున అంచులు నలిగిన పుస్తకములెన్నియో కలవు. అవి దానికి లోపము కాదు. పలుమారులు ఆకురాయి పట్టినందున పండ్లు పొట్టిబడిన గొలుసు వలె, అవి పనిచేసినవని చెప్పుచున్నవి. ఇంటింట అటకపై నున్న పాత పనిముట్టును ఒకసారి దింపి, తుడిచి, దానిని నడుప నేర్చిన పెద్దలు బ్రదికియుండగనే అడిగి తెలిసికొనుట, ఈ పండుగనాడు ప్రతి కుటుంబమును తలపెట్టదగిన కార్యము.