దోబూచి కూడా చదువే

బరంపురంలో మన ఇళ్లలో తెలుగు, వీధిలోకి వెళ్తే ఒడియా. రెండూ వింటూ పెరిగే చంటిపిల్ల మాటలు కలగలిపేస్తే కంగారుపడకండి. ఆ వయసులో అది మామూలే, మెల్లగా విడదీసుకుంటుంది.

ఇక ఆటల సంగతి. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండినవారికి. అంతకన్నా చిన్నవారికి ఇల్లే ఆటస్థలం. 2024లో కేంద్ర ప్రభుత్వం ‘నవచేతన’ పేరుతో, పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా నెలనెలకూ తగినట్టు 140 ఆటపనులు సూచించింది. ఇలాంటి ఆటలు మన నాయనమ్మలకు కొత్తేమీ కాదు.

దోబూచినే చూడండి. కొంగుచాటున ముఖం దాచి మళ్లీ చూపిస్తాం. కనబడనిది మాయమైపోలేదు, చాటునే ఉందన్న సంగతి బిడ్డకు ఎనిమిదో నెల ప్రాంతంలో పట్టుబడుతుంది. చెంచా పదేపదే పడేసి, ఎక్కడ పడిందోనని తొంగిచూస్తుంది. మనం విసుక్కుంటాం గానీ, అది దాని ప్రయోగం!

ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. శుభ్రమైన చాప, స్టీలు గ్లాసులు, మూతలు, పట్టుకుని లేచి నిలబడడానికి ఒక గట్టి పీట చాలు. పక్కన కబుర్లు చెప్పే మనిషి ఉండాలి. రెండేళ్లలోపు ఫోను వద్దు. 1905లో ఈ బరంపురంలోనే పుట్టిన ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు గారు మైకు ముందు పిల్లల చేతే మాట్లాడించారు. మనం కనీసం మన చంటిపిల్లల ‘ఊఁ ఊఁ’లకు బదులివ్వొద్దూ?

ఆటల్లో ఒక జాగ్రత్త: చింతపిక్కలు, శనగలు, గోళీలు పిల్లలకు అందనివ్వకండి, గొంతుకు అడ్డంపడతాయి. గడియారం బ్యాటరీ మింగితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లండి.