మైల్డ్ హైబ్రిడ్ పికప్ బండ్లు – మంచి చెడ్డలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించడానికి ఒక కారణం ఉంది. మన సభ్యుల్లో చాలామంది రిటైరైనప్పుడు చేతికొచ్చిన పి.ఎఫ్., గ్రాట్యుటీ డబ్బుతో కొడుక్కో, అల్లుడికో పికప్ వ్యాను కొనిస్తున్నారు. కొబ్బరికాయలు, జీడిపప్పు, చేపలు, కూరగాయలు తోలుకుని బతుకుతారని ఆశ. మనది ఈ.పి.ఎస్.-95 పెన్షన్. 2014 సెప్టెంబరులో కనీస పెన్షన్‌ను పెంచి వెయ్యి రూపాయలు చేశారంటేనే మన పరిస్థితి బోధపడుతుంది. ఆ పి.ఎఫ్. డబ్బు మళ్లీ రాదు. అలాంటి డబ్బు పెట్టి కొనే బండి గురించి "హైబ్రిడ్ అంటున్నారు, కొనొచ్చా?" అని గత ఏడాదిగా నన్ను నలుగురైదుగురు అడిగారు. వారికి విడివిడిగా చెప్పింది ఈ రోజు అందరికీ కలిపి మనవి చేస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ బండ్లలో ఇంజన్ నమ్మదగినదే. తంటా వచ్చేది ఇంజన్ చుట్టూ చేరిన బెల్టు, బ్యాటరీ, వైరింగు దగ్గర. డీజిల్ ఆదా టౌనులో కొంత ఉంటుంది. లోడుతో ఘాట్ ఎక్కే బండికి లేనట్టే లెక్క. కనుక హైబ్రిడ్ అనే మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

అసలు మైల్డ్ హైబ్రిడ్ అంటే ఏమిటో చూద్దాం. మన బస్సుల్లో డైనమో వేరు, సెల్ఫ్ స్టార్టర్ వేరు. ఈ బండ్లలో ఆ రెండు పనులూ చేసే ఒకే మోటారును బెల్టుతో ఇంజనుకు కలుపుతారు. బండి నెమ్మదించేటప్పుడు అది డైనమోగా మారి కరెంటు పుట్టించి బ్యాటరీలో దాస్తుంది. బండి కదిలేటప్పుడు అదే మోటారుగా మారి ఇంజనుకు కాస్త సాయం పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ దానంతటదే ఆగుతుంది, క్లచ్ తొక్కగానే లేస్తుంది. అంతేగాని, ఇంజన్ ఆపేసి ఒక్క కరెంటు మీదే బండి నడవదు. అలా నడిచేది పూర్తి హైబ్రిడ్. ఇక మోటారు సాయం లేకుండా ఇంజన్ ఆపడం, లేపడం వరకే ఉంటే దాన్ని మైక్రో హైబ్రిడ్ అంటారు. బండి మీద చీటీ ఒకటే మాదిరిగా కనిపించినా లోపల సరుకు వేరు. కొనేవాడు ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

మన దేశంలో ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. మహీంద్రా వారు స్కార్పియోలో ముందు మైక్రో హైబ్రిడ్, తర్వాత 2016లో ఇంటెల్లి-హైబ్రిడ్ పెట్టారు. మారుతి వారు 2015లో సియాజ్, ఎర్టిగా డీజిల్ బండ్లలో ఎస్.హెచ్.వి.ఎస్. పేరుతో పెట్టారు. మొదట్లో వీటికి కేంద్ర ప్రభుత్వం ఫేమ్ పథకం కింద రాయితీ ఇచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి మైల్డ్ హైబ్రిడ్‌లను ఆ పథకంలోంచి తీసేసింది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి వారు డీజిల్ బండ్లే మానేశారు కాబట్టి ఆ డీజిల్ రకం ఇప్పుడు దొరికితే సెకండ్ హ్యాండులోనే.

పికప్పుల సంగతికొస్తే, అమెరికాలో రామ్ 1500 పికప్‌కు 2019 మోడల్ నుంచి ఇ-టార్క్ పేరుతో 48 వోల్టుల ఏర్పాటు ఉంది. టయోటా హైలక్స్ డీజిల్ పికప్‌కు 2024లో ఆస్ట్రేలియా, ఐరోపా వంటి చోట్ల 48 వోల్టుల ఏర్పాటు వచ్చింది. అదే కంపెనీ 2025 జూన్‌లో మన దేశంలో ఫార్చ్యూనర్‌కు ఇదే తరహా ఏర్పాటు తెచ్చింది. కిరాయికి లోడు తోలే మన చిన్న పికప్పుల్లో ఇది ఇంకా సామాన్యం కాలేదు. కాని వస్తుంది. వచ్చేలోపు మనం తెలుసుకుని ఉండడం మంచిది.

ఇప్పుడు లాభం మాట. మనందరికీ కె.ఎం.పి.ఎల్. అంటే కొత్త కాదు. లీటరుకు పాయింటు రెండు తగ్గితే డిపోలో ఎన్ని సంజాయిషీలు రాసుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంధన పొదుపు పక్షోత్సవాల్లో మనం డ్రైవర్లకు చెప్పిందేమిటి? బస్సు స్టాండులో ఆగితే ఇంజన్ ఆపమని. డ్రైవర్ సోదరులు ఏమనేవారు? "ఆపితే మళ్లీ సెల్ఫ్ కొడుతుందా మేస్త్రీ గారూ? పాసింజర్ల చేత తోయించమంటారా?" అనేవారు. అది న్యాయమైన ప్రశ్నే. అప్పుడు డ్రైవరు చేత్తో చేసిన పనినే ఇప్పుడు కంప్యూటరు చేస్తోంది. కనుక ఆ ప్రశ్న కూడా ఇప్పటికీ అలాగే ఉంది. బ్యాటరీ బాగుంటేనే ఇంజన్ ఆపడం లాభం.

కంపెనీ లెక్క ప్రకారం సియాజ్ డీజిల్ మామూలు బండి లీటరుకు 26.21 కిలోమీటర్లు, ఎస్.హెచ్.వి.ఎస్. బండి 28.09 కిలోమీటర్లు. అంటే నూటికి ఏడు ఎక్కువ. ఇది ఖాళీ కారుకు పరీక్షశాలలో వచ్చిన అంకె. లోడు పికప్‌కు నూటికి అయిదు వేసుకుందాం. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 12 ఇచ్చే బండి సుమారు 167 లీటర్లు తాగుతుంది. అందులో అయిదు శాతం ఎనిమిది లీటర్లు. లీటరు వంద రూపాయలనుకుంటే నెలకు ఎనిమిది వందలు, ఏడాదికి పదివేల లోపు. బండి ధరలో తేడా ఎంత, ప్రత్యేక బ్యాటరీ ఖరీదెంత, అది ఎన్నేళ్లు వస్తుంది అన్నది షోరూములో అడిగి, ఈ పదివేల పక్కన రాసుకోండి. లాభనష్టాలు మీకే తెలుస్తాయి.

ఘాట్ రోడ్డు సంగతి వేరే చెప్పాలి. లారీ పరిశ్రమకు పేరుపడ్డ సాలూరు 2022 వరకు మన విజయనగరం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అక్కడి నుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద కోరాపుట్ వెళ్లడానికి మొత్తం మీద 700 మీటర్ల పైన ఎత్తు ఎక్కాలి. "దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బ్యాటరీ నిండుతుంది, ఎక్కేటప్పుడు అదే సాయం చేస్తుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. లెక్క వేద్దాం. హైలక్స్‌లో ఉన్న 48 వోల్టుల బ్యాటరీ 4.3 యాంపియర్ అవర్లది, ఏడున్నర కిలోల బరువు. అందులో పట్టేది సుమారు 0.2 యూనిట్ల కరెంటు. మోటారు 12 కిలోవాట్లది. అంటే బ్యాటరీ నిండుగా ఉన్నా ఆ మోటారును పూర్తి శక్తితో ఒక్క నిమిషమే తిప్పగలదు. ఇక దిగుడులో, లోడుతో కలిపి మూడు టన్నుల బండి 700 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు అయిదున్నర యూనిట్లు. బ్యాటరీలో పట్టేది 0.2. వృథా పోయేది కలుపుకున్నా, ఎత్తులో మొదటి 50 మీటర్లు దిగేసరికి బ్యాటరీ నిండిపోతుంది. మిగిలిన ఘాట్ అంతా దిగవలసింది పాత పద్ధతిలోనే, లో గేరులో, ఇంజన్ బ్రేకు మీద. హైబ్రిడ్ ఉంది కదా అని టాప్ గేరులో బ్రేకు తొక్కుకుంటూ దిగితే లైనర్లు కాలతాయి. ఈ మాట మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు నా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా మేనల్లుడు ఒక పాత పికప్ కొన్నాడు. ఆగితే ఇంజన్ దానంతటదే ఆగే రకం. ఏడాది తిరిగేసరికి బ్యాటరీ దిగింది. "మావయ్యా, ఈ బండికి వేరే రకం బ్యాటరీ వెయ్యాలంటన్నారు, మామూలుదానికన్నా బాగా ఎక్కువ చెబుతున్నారు" అని ఫోన్ చేశాడు. ముప్పయ్యేళ్లు గ్యారేజీలో చేసిన మనిషిని కదా, "బ్యాటరీకి రకాలేట్రా, వోల్టులు సరిపోతే చాలు, మామూలుదే వేయించు" అన్నాను. వాడు వేయించాడు. బిగించిన కుర్రాడు నెగటివ్ టెర్మినల్ దగ్గర ఉండే చిన్న సెన్సారును పక్కన పడేసి, తీగను నేరుగా కలిపేశాడు.

నెలన్నర బాగానే నడిచింది. ఒక రోజు ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని వస్తుంటే రైల్వే గేటు పడింది. ఇంజన్ ఆగింది. గేటు తీశాక మళ్లీ లేవలేదు. నలుగురు తోశారు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే కంప్యూటరే మేలుకోదు, ఇక తోస్తే ఏం లాభం? వెనకనున్న బండ్ల వాళ్ల చేత తిట్లు తిని, పక్కకు నెట్టుకుని, వేరే బండి వచ్చేసరికి ఎండలో మూడు గంటలు పట్టింది. ఐసు కరిగిపోయింది. సరుకు సగం ధరకు పోయింది, ఆ షావుకారు మళ్లీ కిరాయి ఇవ్వలేదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే మావయ్యా" అన్నాడు. తప్పు మాత్రం నాదే. రోజుకు రెండు మూడు సార్లు స్టార్టు చేసే బండికి సరిపోయే బ్యాటరీని, యాభై సార్లు లేచే బండికి వేయించాను. ఇలాంటి బండ్లకు ఇ.ఎఫ్.బి. గాని, ఎ.జి.ఎం. గాని వెయ్యాలి. ఆ సెన్సారు బ్యాటరీలో చార్జి ఎంతుందో కంప్యూటరుకు చెబుతుంది. చార్జి తక్కువుంటే ఇంజన్ ఆపదు. దాన్ని తీసేస్తే కంప్యూటరుకు ఏమీ తెలియదు. నాకు తెలిసిన విద్య పాతదైందని ఆ రోజు ఒప్పుకున్నాను.

ఇక మిగిలిన లోపాలు క్లుప్తంగా చెబుతాను.

బెల్టు. మన ఫ్యాన్ బెల్టును ఇంజన్ తిప్పేది, అంతే. ఈ బెల్టు ఒకసారి ఇంజన్‌ను లాగుతుంది, మరోసారి ఇంజన్ చేత లాగబడుతుంది. రెండు వైపులా బిగువు పడుతుంది కాబట్టి బెల్టు, దాని టెన్షనరు ప్రత్యేకమైనవి. కీచుమంటే బజారు బెల్టు వేసి సరిపెట్టకండి.

వేడి, ఉప్పుగాలి. ఎండ వేడికి ఏ బ్యాటరీ అయినా త్వరగా దిగుతుంది. భావనపాడు, కళింగపట్నం వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి, చేపల నీళ్లు కలిసి కనెక్టర్లలో తుప్పు పడుతుంది. ఈ బండ్లలో కనెక్టర్లు ఎక్కువ. పిన్నులో చిలుము పట్టినా డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. 48 వోల్టులు మనిషికి పెద్ద షాకు కొట్టకపోయినా షార్టయితే తీగ కాలిపోతుంది. వెల్డింగు చేయించేటప్పుడు కంపెనీ పుస్తకంలో చెప్పిన విధంగా బ్యాటరీలు విప్పించాలి.

టర్బో. లోడుతో ఘాట్ ఎక్కి చెక్‌పోస్టులో ఆగగానే ఇంజన్ ఆగకూడదు. టర్బో వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ ఆగిపోతే బేరింగు దెబ్బతింటుంది. కొత్త బండ్లలో కంప్యూటరు చూసుకుంటుందంటారు గాని, మీట నొక్కి ఆ సదుపాయాన్ని ఆపేసి, రెండు నిమిషాలు ఐడ్లింగులో ఉంచి ఆపడమే నా సలహా.

బి.ఎస్.-6. ఇది హైబ్రిడ్ లోపం కాదు గాని దానితో కలిసి వస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ బండ్ల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి కొంతసేపు వేడిగా, ఆగకుండా నడవాలి. టౌనులోనే అటూ ఇటూ తిరిగే బండికి ఫిల్టరు మూసుకుపోతుంది. హైబ్రిడ్ లాభించేది టౌనులో, ఫిల్టరుకు చేటు చేసేది కూడా టౌనే. వారానికోసారి హైవే మీద అరగంట తోలమనండి.

మంచి కూడా చెప్పాలి. ఇంజన్ మాటిమాటికీ లేచినా పాడవకుండా వీటిలో బేరింగులకు ప్రత్యేక పూత వేస్తున్నారు. స్టార్టింగు చప్పుడు తక్కువ. కదిలేటప్పుడు జర్కు తక్కువ. శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో పదడుగులకోసారి ఆగుతూ ఇంటింటికీ సరుకు దించే బండికి ఆదా కనబడుతుంది. అటువంటి పనికైతే, ధరలో తేడా తక్కువైతే కొనుక్కోండి.

చివరగా, కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇది మైక్రోయా, మైల్డా? రెండు, బ్యాటరీలు ఎన్ని, ఏ రకం, వాటికి వారంటీ బండితో సమానంగా ఉందా, వేరుగా ఉందా? మూడు, ఆ మోటారు, బెల్టు పోతే మన జిల్లాలో బాగుచేసేవాడున్నాడా, విశాఖపట్నం పోవాలా? నాలుగు, అది పనిచేయకపోతే బండి మామూలు బండిలా ఇంటికి చేరుతుందా? సెకండ్ హ్యాండు అయితే బ్యాటరీ మీది రకం చదివి, నెగటివ్ టెర్మినల్ దగ్గర సెన్సారు ఉందో లేదో చూసి, బండిని పదిసార్లు ఆపి లేపి చూశాకే బయానా ఇవ్వండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి. మనం సర్వీసులో లాగ్ షీటు లేకుండా బస్సు బయటికి పంపలేదు కదా.

బండి చూడడానికి వెళ్లేటప్పుడు ఎవరైనా నన్ను పిలిస్తే వస్తాను. టీ ఇప్పిస్తే చాలు. కాని తెలియనిది తెలియదనే చెబుతాను, మా మేనల్లుడికి చెప్పినట్టు చెప్పను.