గాంధీజీ ఆలోచన – మన అమానత్



గాంధీజీ 1909లో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో తిరిగి వెళ్తూ ‘హింద్ స్వరాజ్’ రాశారు. తెల్లవాళ్లు వెళ్లిపోయినంత మాత్రాన స్వరాజ్యం రాదని, మనిషికి తన బతుకు మీద తనకు అధికారం ఉండాలని ఆయన ఆలోచన. ఆస్తి ఉన్నవాడు దానికి ధర్మకర్త మాత్రమేనని కూడా చెప్పేవారు. ఇది మనకు కొత్త కాదు. మనం అమానత్ అంటాం. నేల, నీళ్లు, డబ్బు అన్నీ అల్లాహ్ మనకు అప్పగించినవే.

ఈ ఆలోచనలు ఆచరణలో ఎలా ఉంటాయో మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే చూడవచ్చు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న రైతులు. 1990లలో ఆ సంఘాలు పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చాయి. రైతుకు సాగు ఖర్చు అప్పుగా ఇచ్చారు. ఆ అప్పు రూపాయల్లో కాదు, పండిన జొన్నల్లో తీర్చాలి. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, తిండికి కటకట వచ్చే వానాకాలంలో పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు నిరుపేదలో ఏ ఆఫీసరూ చెప్పలేదు. ఊరివాళ్లే కూర్చుని, ఇల్లిల్లూ లెక్కలోకి తీసుకుని తేల్చారు.

జొన్నకు వరి అంత నీరు అక్కర్లేదు. బీడు పచ్చబడింది, ఆకలి తగ్గింది, పేదవాడి మాటకు విలువ వచ్చింది. పర్యావరణం, ప్రజాస్వామ్యం వేర్వేరు పాఠాలు కావని నాకు ఇక్కడే అర్థమైంది. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

దాతలకు నా విన్నపం ఒక్కటే. ఏ సంస్థలోనైనా ఇచ్చే చేయి జాబితా రాస్తుంది, తీసుకునే చేయి వరుసలో నిలబడుతుంది. వచ్చే రంజాన్‌కు రేషన్ జాబితా రాసేటప్పుడు, సాయం అందుకునే ఇళ్ల నుంచి ఇద్దరు ఆడవాళ్లను మన పక్కన కూర్చోబెడదాం. పేదరికం నలుగురిలో బయటపడితే సిగ్గు కదా అని మీరు అనవచ్చు. నిజమే. అందుకే పేర్లు బయట చదవవద్దు. ఎవరికి ముందు, ఏ సరుకు, ఎంత అన్నది మాత్రం వాళ్లను అడిగి నిర్ణయిద్దాం. బియ్యంతో పాటు ఇక్కడి రైతు పండించిన జొన్నలు కూడా ఆ సంచిలో ఉండాలా అని అడుగుదాం.

డబ్బు మన చేతిలో ఉన్న అమానత్. దాని మీద వాళ్ల మాట కూడా చెల్లాలి.