కార్డు, కవరు, ఈమెయిలు

మా చిన్నతనమున మా యింటికి వచ్చెడి ఉత్తరములలో ఎక్కువ భాగము కార్డులే. పోస్టుమాను వీధి అరుగుమీద కూర్చుండి, "అమ్మగారూ, మీ అన్నగారికి జ్వరం తగ్గిందట" అని ముందుగా చెప్పి, పిమ్మట కార్డు చేతికిచ్చెడివాడు. దానికెవరును తప్పు పట్టెడివారు కారు. కాని అప్పుల మాటయో, అత్తవారింట ఆడపిల్ల పడుచున్న కష్టమో వ్రాయవలసి వచ్చినపుడు మా నాయనమ్మ, "కార్డు వద్దు, కవరు తీసుకురండి" అనెడిది. పదిమందిలో చెప్పదగినదేదో, చెప్పరానిదేదో ఆమెకు తెలియును. కవరునకు పెట్టిన అదనపు పైసలు గుట్టునకిచ్చిన వెల అని ఆమె భావించెడిది.

నేడు మన ఉత్తరములలో చాల భాగము ఈమెయిలుగా మారినవి. బ్యాంకు లెక్కలు, రక్తపరీక్షల ఫలితములు, పెండ్లి సంబంధముల వివరములు, దూరదేశమందున్న బిడ్డల జాబులు అన్నియు ఒకే పెట్టెలో చేరుచున్నవి. ఆ పెట్టెను మనలో ఎందరు విచారించి ఎన్నుకొన్నారు? ఫోను కొన్ననాడు దుకాణములోని కుర్రవాడు తెరచియిచ్చినదే పెక్కుమందికి చిరునామా అయినది. పాస్‌వర్డు సైతము అతడు పెట్టినదే కావచ్చును. ఇంటి తాళపుచెవిని ఇట్లు పరులకు విడిచిపెట్టుదుమా?

ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు జాబు పంపు పద్ధతిని 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ సాధించెను. సామాన్యులకు ఉచితముగా ఆ సౌకర్యము కల్పించిన తొలిసేవలలో హాట్‌మెయిలు ఒకటి. 1996 జూలై 4న దానిని ఆరంభించిన ఇరువురిలో సబీర్ భాటియా మనదేశమువాడే. 2004 ఏప్రిల్ 1న వచ్చిన జీమెయిలు ఒక్కొక్కరికి ఒక గిగాబైటు చోటు ఇచ్చి లోకమును ఆశ్చర్యపరచినది. దానికి ప్రతిగా యంత్రము మన జాబులను చదివి, అందలి మాటలకు తగిన వ్యాపారప్రకటనలను ప్రక్కన చూపెడిది. ప్రకటనలకొరకు జాబులు చదువుట మానుకొందుమని ఆ సంస్థ 2017లో ప్రకటించినది. అయినను జాబుల తాళపుచెవి మాత్రము నేటికిని సాధారణముగా సంస్థవద్దనే యుండును.

కావున ఉచితసేవను ఎన్నుకొనునపుడు వేయదగిన మొదటి ప్రశ్న యిది: మనము డబ్బు ఇయ్యనపుడు ఈ జీతములు, ఈ యంత్రముల ఖర్చులు ఎవరు భరించుచున్నారు? ప్రకటనదారులు భరించుచున్నచో వారి ప్రయోజనము ఎక్కడనో ఒకచోట ఉండియే తీరును. చందా కట్టువారి ధనముతో ఉచితఖాతాలను నడుపు సంస్థలును కొన్ని కలవు. వానిలో రెండింటిని గూర్చి చెప్పెదను.

మొదటిది 2014లో స్విట్జర్లాండులో, సెర్న్ పరిశోధనాలయమున కలిసిన శాస్త్రజ్ఞులు స్థాపించిన ప్రోటాన్ మెయిలు. రెండవది జర్మనీలోని హానోవర్ నగరమునకు చెందిన టూటా. 2023 వరకు దీనిపేరు టూటానోటా. ఈ రెండింటను జాబు గూఢలిపిలో భద్రపరుపబడును. దాని తాళపుచెవి మన పాస్‌వర్డుతో ముడిపడి యుండును గాని సంస్థ చేతిలో ఉండదు. టూటా జాబుయొక్క విషయపంక్తిని కూడ ఇట్లే దాచును. ప్రోటానులో విషయపంక్తికి అంతటి రక్షణ లేదు. కాబట్టి రహస్యమును విషయపంక్తిలో వ్రాయరాదు.

చోటు మాత్రము తక్కువ. జీమెయిలు నేడు జాబులకు, ఫోటోలకు, దస్త్రములకు కలిపి 15 గిగాబైట్లు ఉచితముగా ఇచ్చుచుండగా, ఈ రెండు సంస్థలు ఇచ్చునది ఒక గిగాబైటునకు మించదు. టూటాలో ఆరునెలలు తెరువని ఉచితఖాతా తొలగింపబడవచ్చును. ఏడాదికొకసారి పెట్టె చూచుకొనువారికి ఇది తగదు.

ఈ గూఢలిపికిని హద్దులు కలవు. మీరు ప్రోటానునుండి జీమెయిలులోని మిత్రునకు మామూలుగా వ్రాసినచో, మీ యింట కవరులో నున్నది అతనియింట కార్డే అగును. ఇరువురును ఒకే సేవలో నుండవలెను. లేదా జాబునకు విడిగా పాస్‌వర్డు పెట్టి, దానిని ఫోనులో చెప్పవలెను. న్యాయస్థానముల అధికారము వేరు. 2021లో స్విస్ అధికారుల ఉత్తరువును అనుసరించి ప్రోటాన్ సంస్థ ఒక ఫ్రెంచి ఉద్యమకారుని ఐపీ చిరునామాను ఇయ్యవలసి వచ్చినది. జాబులలోని విషయము మాత్రము ఇయ్యలేదు. మనదేశమున ప్రోటాన్ మెయిలును నిలిపివేయు చర్యలు ఆరంభింపవలసినదిగా కర్ణాటక హైకోర్టు 2025 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వమును ఆదేశించెను. కావున ఏ సేవనైనను ఒక్కదానినే నమ్ముకొని పాతచిరునామాను వెంటనే మూసివేయుట వివేకము కాదు.

గుట్టు మన హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. హక్కుతోపాటు బాధ్యతయు మనదే అని నాకు తెలిపినవారు ఒక వృద్ధమిత్రులు. ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు. భార్య కూతురునకు పురుడు పోయుటకై అమెరికా వెళ్ళి, అచట ఆరునెలలుండి, వారమునకు రెండేసి జాబులు వ్రాసినది. ఇరువురును గూఢలిపి గల సేవనే ఎన్నుకొనిరి. తిరిగివచ్చిన రెండేండ్లకు ఆమె గతించినది. పిమ్మట ఈయనకు కంటి శస్త్రచికిత్స జరిగినది. కొంతకాలము పెట్టె తెరువలేదు. తెరువబోవునాటికి పాస్‌వర్డు జ్ఞాపకము రాలేదు. ఖాతా తెరచిననాడు ఆ సేవ ఇచ్చిన పునరుద్ధరణ సంకేతమును ఆయన ఎక్కడను వ్రాసి ఉంచుకొనలేదు. సంస్థకు విన్నవించుకొనగా, మీ తాళపుచెవి మావద్ద లేదని మర్యాదగా బదులు వచ్చినది. వారు చెప్పినది నిజమే. పరులెవ్వరును చదువలేని ఆ జాబులను ఆయనయు చదువలేకపోయెను. "గట్టి తాళమే కొన్నాను, చెవి దాచుకోవడం నేర్చుకోలేదు" అని ఆయన నాతో అన్నారు.

కావున నా మనవి యిది. మొదట మీ పాతపెట్టె పాస్‌వర్డును మీరే మార్చుకొనుడు. రెండంచెల ధ్రువీకరణను అమర్చుకొనుడు. కార్డు చాలునట్టి జాబులను, అనగా దుకాణముల రసీదులను, ప్రయాణపు టికెట్టులను అక్కడనే ఉండనిండు. కవరు కావలసిన జాబులకు మాత్రము మరియొక చిరునామా తెరువుడు. క్రొత్తచిరునామాను నెలదినములు వాడిచూచి, ఆ పిమ్మట ఆత్మీయులకు తెలుపుడు. బ్యాంకునకు దానిని ఇచ్చుటకు తొందర లేదు.

అన్నిటికంటె ముందు, ఆ పునరుద్ధరణ సంకేతమును కాగితముపై సిరాతో వ్రాసి, ఇంటి దస్తావేజులు దాచినచోట దాచుడు. ఆ చోటు మీకు నమ్మకమైన ఒక్కరికి చెప్పి ఉంచుడు. తరువాతనే మొదటి జాబు వ్రాయుడు.