మన లెక్కలోని పిల్లలు



మేము పండితులము కాము. మెట్రిక్ దాకా చదివి, విరుదునగరం జంక్షనులో టిక్కెట్ల గుమాస్తాగా ఉన్నాము. మాది నెల్లూరు జిల్లా, కాపురం ఈ కోవిల్‌పట్టిలో. మావంటివారిని మాట్లాడమనడం కార్యదర్శిగారి సాహసము.

కిందటేడు ఆదివారం తెలుగు తరగతి పెట్టదలచి, పిల్లల లెక్క తీసే పనిని సంఘం మాకు అప్పగించినది. 2006 నాటి చట్టంతో ఈ రాష్ట్రపు బడులలో తమిళము ఒకటో తరగతి నుంచి తప్పనిసరియై, ఏటేటా ఒక్కొక్క తరగతి పైకి సాగి, 2015–16 నాటికి పదో తరగతిని చేరినది. అది తప్పని మేము అనము. ఏ ఊరి నీరు తాగుతామో ఆ ఊరి భాష నేర్వవలసినదే. అయితే తెలుగు నేర్పే పని ఇంటిమీద పడినది. 2011 జనాభా లెక్కలలో ఇచ్చట తెలుగు తమ భాష అన్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో చదవగలవారు ఎందరో, పండుగ పిలుపులు పంచేటప్పుడు మనకు తెలుస్తూనే ఉన్నది.

నాయుళ్ల ఇండ్లు, రెడ్ల ఇండ్లు, మావంటి ఉద్యోగుల ఇండ్లు అయినవి. చివరకు పారిశుద్ధ్య కార్మికుల వీధికి వెళ్లాము. వారు అరుంధతియారులు. వీధి పొడుగునా తెలుగే. మన యాస కాదు గాని, తల్లి బిడ్డను పిలిచే తెలుగు.

ఒక ఇంట ఎనిమిదో తరగతి అమ్మాయి కనబడినది. "నీకు తెలుగు వచ్చునా అమ్మా?" అని అడిగాము. రాదని తమిళంలో చెప్పినది. అంతలో లోపలినుంచి తల్లి తెలుగులో కేక వేయగా, తెలుగులోనే బదులు పలికినది. మేము నవ్వాము. ఆ పిల్ల నవ్వలేదు.

"బడిలో మా తెలుగు వింటే మేము ఏ వీధివాళ్లమో తెలిసిపోతాదయ్యా" అన్నది తల్లి.

మావాడికి తెలుగు రాలేదని మాకు దిగులు. ఆ బిడ్డ వచ్చిన తెలుగును దాచుకొంటున్నది.

2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని అతని బడి పిల్లలే ఇంట జొరబడి నరికిన సంగతి మీకు తెలియనిది కాదు. అటుపిమ్మట ప్రభుత్వం నియమించిన విశ్రాంత న్యాయమూర్తి చంద్రుగారు 2024లో ఇచ్చిన నివేదికలో, కులం తెలిపే ముంజేతి రంగు తాళ్లను, నొసటి గుర్తులను బడిలో నిషేధించవలెనన్నారు. తాడు తెంపవచ్చును. నాలుకమీది యాసను ఏమి చేయగలరు? 2009 చట్టము షెడ్యూల్డు కులాల 18 శాతంలో 3 శాతం అరుంధతియారులకు కేటాయించినది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దానిని నిలబెట్టినది. కాలేజీలో సీటు దొరకవచ్చును. పక్కన కూర్చునే స్నేహితుడు దొరకాలి కదా.

జాబితా తెచ్చి చదివితే, "లెక్కలో వేయండి, సంఖ్య పెరుగుతుంది" అన్నారు ఒక పెద్ద. పండుగకు పిలుద్దామా అంటే "చూద్దాం" అన్నారు. ఆ పైన మేమూ మాట్లాడలేదు. ఏటా ఈ వేదికమీద, 1799లో కయత్తారులో ఉరికెక్కిన కట్టబొమ్మన మనవాడని చప్పట్లు కొడతాము. పూలిత్తేవరు పక్షాన పోరాడిన ఒండివీరన్ అరుంధతియారు. 2022లో ఆయన తపాలా బిళ్ల కూడా వెలువడినది. ఆ పేరు ఇచ్చట మేము వినలేదు.

తరగతి వచ్చే ఆదివారం మొదలు. ఆ వీధినుంచి ఏడుగురు పిల్లలు వస్తామన్నారు. ఆ అమ్మాయి పేరు ఇవ్వలేదు. అయినా ఒక వాచకము ఎక్కువ తెప్పించాము. చాపలు మాత్రం మన ఇండ్లనుంచే రావాలి. పొడుగాటివి తెండి, ముగ్గురు నలుగురు కలిసి కూర్చునేవి.