గజ్జ నొప్పి: ఫిల్ములో కనబడిందే కారణమా?

(ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)



మా కబడ్డీ మాస్టారి గురించి చెప్పవలసిందంతా ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నేను చేర్చగలిగింది ఒక్కటే. ఆయన నా అనాటమీ పుస్తకం పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా "తొడ దాకా వచ్చానయ్యా, ఇంకా పైకి వెళ్లాలి" అనేవారు. కబడ్డీ నేర్పే మనిషికి గజ్జ దాటి పైకి వెళ్లే తీరిక ఎక్కడిది? పుస్తకం దొరికితే ఇంట్లోవాళ్లు ఉంచుకోవచ్చు. ఆయన పేరిట మాట్లాడే గౌరవం నాకిచ్చారు. దాన్ని ఒక పాత తగువుకు వాడుకుంటున్నాను, కమిటీవారు మన్నించాలి.

ఆ తగువు గజ్జ నొప్పి గురించి. అందరికీ తెలిసినదాన్ని త్వరగా దాటేస్తాను. బంతి తన్నేటప్పుడు, పరుగులో ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడు, రైడర్ బోనస్ గీత కోసం కాలు చాచినప్పుడు తొడ లోపలి అడక్టర్ కండరాల మీద, అవి అతుక్కునే జఘనాస్థి మీద భారం పడుతుంది. అసలైన హెర్నియా, వృషణాల జబ్బు, మూత్రపిండంలో రాయి లాంటివి ముందే చూసుకోవాలి. పోలీసు పరుగు పరీక్ష కోసం ఒక్కసారిగా దూరం పెంచేసిన కుర్రాడికి తొడ ఎముక మెడలో సన్న పగులు ఉండవచ్చు. అక్కడ స్కాన్ ఆలస్యం చేయడమే తప్పు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ నెలల తరబడి వదలని నొప్పి దగ్గర మొదలవుతుంది. వికాస్ మార్గ్ మీద కోచింగ్ బోర్డుల పక్కనే స్కాన్ సెంటర్ల బోర్డులు. కుర్రాడు బల్ల మీద కూర్చోకముందే కవరు నా చేతికిస్తాడు. రిపోర్టులో 'ఆస్టియైటిస్ ప్యూబిస్' (జఘనాస్థి దగ్గర వాపు) అన్న మాట కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీసి ఉంటారు. "ఎక్కడ నొప్పి?" అంటే, "అందులో రాసుంది సార్" అంటాడు. అప్పటికి అతని గజ్జ మీద ఎవరూ వేలు పెట్టి ఉండరు.

1924లో ఎడ్విన్ బీర్ ఈ ఆస్టియైటిస్ ప్యూబిస్‌ను వర్ణించింది పొత్తికడుపు కింద శస్త్రచికిత్స జరిగిన రోగుల్లో. ఆటగాళ్లకు దాన్ని అంటగట్టింది 1932లో స్పినెల్లి. ఎమ్మారై వచ్చాక జఘనాస్థి మజ్జలో తెల్లటి మచ్చ కనబడితే చాలు, కారణం దొరికిపోయినట్టే అయింది. కానీ 2015లో డెన్మార్క్‌కు చెందిన బ్రాన్సీ బృందం నొప్పి ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లతోపాటు లేనివాళ్లకూ స్కాన్ తీసింది. మచ్చలు నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువే. అయితే హాయిగా ఆడుతున్నవాళ్లలోనూ తక్కువేమీ లేవు. ఆట ఆడనివాళ్లలోనే అరుదు. అంటే ఆ మచ్చ చాలావరకు ఆట వేసిన ముద్ర. ఎన్నేళ్లు ఆడాడో చెబుతుంది గానీ ఎందుకు నొస్తోందో తేల్చదు.

"మరి నిపుణులు?" అంటారు. 2014 నవంబరులో దోహాలో 14 దేశాల నుంచి 24 మంది నిపుణులు కూర్చున్నారు. సమావేశానికి ముందు రెండు కేసుల వివరాలు పంపి నిర్ధారణ అడిగితే మొదటిదానికి 9 పేర్లు, రెండోదానికి 11 పేర్లు వచ్చాయి. చివరికి ఒప్పుకున్నది ఏమిటి? అడక్టర్, ఇలియోసోయాస్ (తుంటి ముందు కండరం), ఇంగ్వైనల్ (గజ్జ కాలువ), ప్యూబిక్ (జఘనాస్థి) అనే నాలుగు రకాలు, వాటికి వేరుగా తుంటి కీలు. ఈ నాలుగింటినీ విడదీసేది వేలితో నొక్కి చూడడం, కండరాన్ని బిగింపజేసి అతనికి తెలిసిన నొప్పే వచ్చిందా అని అడగడం. స్కాన్ కాదు. అంతకుముందు 2007లో పెర్ హోల్మిచ్ 207 మంది ఆటగాళ్లను ఇలాగే పరీక్షిస్తే దాదాపు మూడో వంతు మందిలో ఒకటికి మించిన కారణాలు తేలాయి. 'అసలు కారణం' అని ఏకవచనంలో వెతికేవాడు వాళ్ల విషయంలో సగం దగ్గరే ఆగిపోతాడు.

ఇక నా మీద ఎప్పుడూ విసిరే రాయి: మ్యూనిక్. క్రికెటర్లు కె.ఎల్. రాహుల్ 2022లో జర్మనీలో, సూర్యకుమార్ యాదవ్ 2024 జనవరిలో, కుల్దీప్ యాదవ్ అదే ఏడాది నవంబరులో మ్యూనిక్‌లో స్పోర్ట్స్ హెర్నియా అనే గజ్జ గోడ బలహీనతకు ఆపరేషన్ చేయించుకుని మళ్లీ ఆడారు. నిజమే. వాళ్లను పరీక్షించినవాళ్లే ఆ నిర్ణయం తీసుకున్నారు, దాన్ని విమర్శించే హక్కు నాకు లేదు. 2011లో ఫిన్లండ్‌కు చెందిన పాయానెన్ 60 మంది మీద చేసిన అధ్యయనంలో ఆపరేషన్ అయిన 30 మందిలో 27 మంది మూడు నెలల్లో ఆటకు తిరిగొచ్చారు, కానివాళ్లలో 8 మందే. దాన్నీ తోసిపుచ్చను. కానీ వాళ్లు స్పోర్ట్స్ హెర్నియా అనుమానం మీద ఏరిన మనుషులు. ఆ ఫలితాన్ని అడక్టర్ నొప్పి ఉన్నవాడికి అన్వయించడం ఏ న్యాయం? అతనికి 1999 నాటి లాన్సెట్ అధ్యయనం ఉంది. 8 నుంచి 12 వారాలు కండరాలకు క్రమంగా బలం పెంచే వ్యాయామం చేసిన 29 మందిలో 23 మంది నొప్పి లేకుండా ఆటకు వచ్చారు. లేజర్, మర్దన, సాగదీత చేయించుకున్న 30 మందిలో నలుగురే. మన వీధుల్లో ఇప్పటికీ అమ్ముడవుతున్నది ఈ నలుగురి వైద్యమే.

అందుకే నేను ఒక కాగితం తయారు చేశాను. తెలుగులో, హిందీలో, ఒకే పేజీ. వేలు పెట్టవలసిన నాలుగు చోట్లకు బొమ్మ. కింద ఒక పరీక్ష: పడుకోబెట్టి కాళ్లు చాపించి, చీలమండల మధ్య మన ముంజేయి పెట్టి ఐదు సెకన్లు గట్టిగా నొక్కమనాలి. నొప్పి పదికి ఎంతో అడగాలి. రెండు దాకా అయితే ఆడొచ్చు, మూడు నుంచి ఐదు జాగ్రత్త, ఆరు, ఆపైన అయితే ఆపి పరీక్ష చేయించాలి. డెన్మార్క్‌లో థోర్బోర్గ్ బృందం తేల్చిన కొలత ఇది. పేజీ వెనక అడక్టర్లకు బలమిచ్చే కోపెన్‌హాగన్ వ్యాయామం. 2019లో నార్వేలో దాన్ని చేసిన ఫుట్‌బాల్ జట్లలో గజ్జ సమస్యలు 41 శాతం తగ్గాయి. జతగాడు, నేల ఉంటే చాలు, యంత్రం అక్కర్లేదు.

ఫుట్‌బాల్ లెక్కలు కబడ్డీకి ఎంతవరకు పనికొస్తాయన్నది ఇంకా తేలాలి. దానికి ఒక సీజన్ పొడవునా వారం వారం ఈ అంకెలు రాసే కోచ్‌లు కావాలి. ఈ సభలో నలుగురైదుగురు కనబడుతున్నారు. కాగితాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. నాకు కప్పబోయే శాలువా ఖర్చుతో మరో వెయ్యి కాపీలు వేయించమని కమిటీవారికి మనవి.